చిన్నా పెద్దా అడగరాని చోట

మా ముత్తాత అప్పలనరసింహరాజు గారు సింగన్నపేట ఠాణాకు, అంటే ఆ చుట్టుపక్కల జమీకి, అధిపతి. కలెక్టరు దర్బారులో కుర్చీ ఉన్న కొద్దిమందిలో మా తాత పద్మనాభరాజు గారు ఒకరు. ఆ కుర్చీ ఎన్నో వరుసలో ఉండాలన్న విషయమై ఆయన మద్రాసు దాకా అర్జీలు పంపి గెలిచారు. మా నాన్నగారి నాటికి దర్బారు పోయింది, కుర్చీ పోయింది, ఊళ్ళో "రాజుగారు" అన్న పిలుపు మిగిలింది. నా నాటికి ఆ పిలుపు కూడా ఆధార్ కార్డు మీద పేరు చివర చేరి కూర్చుంది. ఇవన్నీ గొప్ప కోసం చెబుతున్నానని ఎవరైనా అనుకుంటే నాకు అభ్యంతరం లేదు. నేను రాయబోయే మనిషి నన్ను మొట్టమొదట అడిగింది కూడా వీటి గురించే.

మొన్న ఉదయం మయూర్ విహార్‌లో మెట్రో ఎక్కగానే వాము వాసన తగిలింది. పక్క సీటులో ఒకావిడ స్టీలు డబ్బా తెరిచి మఠ్రీ, అంటే ఇక్కడి మైదా చెక్కలు, కొరుకుతోంది. అది మఠ్రీ అని కళ్ళకు తెలుసు. ముక్కు మాత్రం సకినం అంది. వాము, నువ్వులు, కాగిన నూనె, ఆపైన చెవిలో ఆ కరకర. నోయిడాలోని ఒక చిన్న ఆఫీసులో కిటికీ పక్క బల్ల, దాని కింది సొరుగులో పాత పాలపొడి డబ్బా, అందులో పండుగతో పనిలేకుండా ఏడాది పొడుగునా సకినాలు. వాటిని కొరుకుతూ తెర వైపు చూసి "ఏమంటుందిరా గిది?" అనే సరోజ మేడమ్. నేను దిగవలసిన స్టేషను దాటిపోయింది.

నేను ఢిల్లీ వచ్చింది కలెక్టరును కావడానికి. తాతగారు కూర్చున్న దర్బారులో ఎదుటి కుర్చీ మనవడిది కావాలన్నది మా ఇంట్లో ఎవరూ పైకి అనని కోరిక. అద్దె గదుల్లో, పుస్తకాల మధ్య కొన్నేళ్ళు గడిపాను. రాలేదు. తిరిగి ఊరు వెళ్ళి ఆ మాట చెప్పడం కన్నా ఇక్కడే ఏదైనా పని నేర్చుకోవడం మేలనిపించి ప్రోగ్రామింగ్ నేర్చాను. సరోజ మేడమ్ నడిపే కంపెనీలో మనిషి కావాలని తెలిసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. ఆమెది కరీంనగర్ దగ్గర ఒక పల్లె. పెళ్ళయి ఢిల్లీ వచ్చి, హిందీ నేర్చి, కంప్యూటర్లు నేర్చి, చిన్న చిన్న సంస్థలకు సాఫ్ట్‌వేర్ రాసిచ్చే ఆ కంపెనీని తానే నిలబెట్టుకున్నారు. చేతిలో సకినం ఉండగానే ఇంటర్వ్యూ మొదలుపెట్టారు.

"పేరు?"

"రామభద్రరాజు అండి."

"అంత పొడుగు పేరు గీడ ఎవ్వరు పిలువరు. రాజు అంటరు. ఢిల్లీల రాజు అంటే ఎవడన్నా అయితడు, చాయ్ పోసేటోడు గూడ రాజే. ఫికర్ లేదు గదా?"

"మా ఇంట్లో ఆ మాటకు వేరే అర్థం ఉందండి."

"గట్లనా? జెప్పు మరి. మీ ఇంట్ల ఏముంది?"

చెప్పాను. ముత్తాతగారిని, తాతగారిని, కుర్చీని, అన్నీ. నిటారుగా కూర్చునే చెప్పాను. ఆమె నవ్వలేదు. అంతా విని, వేళ్ళకు అంటిన నువ్వులు దులుపుకుని, "మా తాత గూడ దొర గడీ ముందటికెళ్ళే పోయేటోడు. చెప్పులు చేతుల పట్టుకొని" అన్నారు.

"మా ఠాణాలో అటువంటి ఆచారం లేదండి."

"చెప్పులు పట్టుకున్నోళ్ళను అడిగినవా?"

ఆ ప్రశ్నను నాకు అంతకుముందు ఎవరూ వేయలేదు. మా ఇంట్లో వేసుకునే ప్రశ్న కాదది. "అడగలేదండి" అన్నాను. ఆమె కాసేపు నా ముఖం చూసి, డబ్బా నా వైపు జరిపారు. "తిను. సోమారం నుంచి రా."

ఆమె దగ్గర పని నేర్చుకున్నవాళ్ళందరికీ ఒక అలవాటు అబ్బేది. ప్రోగ్రాం ఆగిపోయి తెర మీద ఎర్రటి వాక్యం వస్తే, ఎవరూ కీబోర్డు మీద చెయ్యి వేయకూడదు. ఆ వాక్యాన్ని లేచి నిలబడి గట్టిగా చదవాలి. చదివాక దాన్ని మామూలు తెలుగులోనో హిందీలోనో చెప్పాలి. మొదట్లో నాకు ఇది బడిపిల్లల శిక్షలాగా తోచింది. "మిషన్ ఆగిందంటే అది నీకేదో జెప్తున్నది. నువ్వు దాని నోరు మూసే దారి దేవులాడుతున్నవు. మొదలు ఇను" అనేవారు ఆమె. నేను నిలబడి చదివితే మాత్రం, "రాజుగారు దర్బారుల ఫర్మానా సదివినట్టున్నది" అని వెక్కిరించేవారు. ఆ వెక్కిరింపు నాకు నచ్చేదని ఆమెకు తెలుసనుకుంటాను.

నేను చేరిన కొంతకాలానికి మా ఆఫీసు అంతా ఒకే పనిలో పడింది. మేము రాసిన ప్రోగ్రాములన్నీ పైథాన్ అనే కంప్యూటరు భాష పాత వెర్షన్‌లో ఉన్నాయి. పాతదానికి కాలం చెల్లుతోంది కనుక అన్నిటినీ కొత్త వెర్షన్‌కు మార్చాలి. ఈ రెండింటి మధ్య తేడాలు చాలానే ఉన్నా, సరోజ మేడమ్ మనసు పెట్టింది ఒక్కదాని మీద. పాత వెర్షన్ ఏ రెండింటినైనా పోల్చేది. ఐదు పెద్దదా, "చెట్టు" అన్న మాట పెద్దదా అని అడిగితే జవాబు చెప్పేది. దాని లెక్కలో ఏ మాటైనా ఏ అంకె కన్నా పెద్దదే. ఏమీ రాయకుండా వదిలేసిన ఖాళీ అన్నిటికన్నా చిన్నది, సున్నా కన్నా కూడా. మనం తయారుచేసుకున్న ఒకే రకం వస్తువులు రెండింటిని ఇచ్చి, ఎలా పోల్చాలో చెప్పకపోతే, కంప్యూటరు జ్ఞాపకంలో దేనికి ఏ చోటు దొరికిందో చూసి, దాన్ని బట్టి ఒకటి పెద్ద, ఒకటి చిన్న అనేది. అడిగినదానికి జవాబు లేదనడం దానికి చేతకాదు. కొత్త వెర్షన్ అలా కాదు. అంకెనూ మాటనూ పక్కపక్కన పెట్టి ఏది పెద్దదని అడిగితే పని ఆపేస్తుంది. ఈ రెండింటి మధ్య చిన్నా పెద్దా అడగడానికి వీల్లేదు అంటుంది. ఎలా పోల్చాలో నువ్వు చెబితే పోలుస్తాను, నా అంతట నేను పోల్చను అంటుంది.

నెలకోసారి ఆమె మమ్మల్ని అశోకా రోడ్‌కు ఆంధ్రా భోజనానికి తీసుకువెళ్ళేవారు. అక్కడ ముద్దపప్పులో నెయ్యి వేసుకుంటూ ఈ సంగతే మళ్ళీ ఎత్తారు. "సూడు, యాడ జాగ దొరికిందో దాన్ని బట్టి పెద్దోడట, చిన్నోడట. ఇన్నేండ్లు గా లెక్క మీద నడిచినయి మన ప్రోగ్రాములు."

"ఆ మాట నన్ను ఉద్దేశించి అన్నారా మేడమ్?"

"నీ ఒక్కనికే అంటే నీకు ఇంక గర్వమైతది. అందరికి అన్న. గోంగూర ఏసుకో."

ఆ చలికాలంలోనే ఫరీదాబాద్ సంగతి వచ్చింది. అక్కడ పాత ఫ్యాక్టరీ కార్మికుల కోసం ఒక ట్రస్టు కట్టిన నాలుగంతస్తుల నివాసం ఉంది. లిఫ్టు లేదు. కింద అంతస్తులో గది ఖాళీ అయితే పై అంతస్తుల్లో ఉన్నవాళ్ళలో అందరికన్నా పెద్దవారికి ఇవ్వాలన్నది వాళ్ళ నియమం. ఎవరు పెద్దో తేల్చేది మా ప్రోగ్రాం. కింద ఒక గది ఖాళీ అయింది. ట్రస్టు మేనేజరు ఖన్నా జీ మీట నొక్కారు. కొత్త వెర్షన్‌కు మార్చిన మా ప్రోగ్రాం ఆగిపోయింది.

నేను లేచి నిలబడి వాక్యం చదివాను. తెలుగులో చెప్పాను: "ఏమీ లేనిదానికీ అంకెకూ మధ్య చిన్నా పెద్దా అడగడానికి వీల్లేదు." వయసు దగ్గర కొందరికి అంకె ఉంది. కొందరికి మాటలున్నాయి. ఒకరికి ఖాళీ ఉంది. పేరు బిందో దేవి. నివాసం నాలుగో అంతస్తు.

ఖన్నా జీ ఫోనులో మొరపెట్టుకున్నారు. "మేడమ్ జీ, పురానా వాలా తో చల్ రహా థా! నయా క్యోం అటక్ గయా? ఖాలీ కో జీరో మాన్ లీజియే నా, బాత్ ఖతమ్." పాతది నడిచేది కదా, కొత్తది ఎందుకు ఆగిందని ఆయన గోల, ఖాళీని సున్నా అనుకుంటే సరిపోతుందని సలహా. ఆ మాట తప్పేమీ కాదు. మా వృత్తిలో చాలామంది చేసే పని అదే, ఒక్క పంక్తిలో అయిపోతుంది.

"ఖన్నా జీ, జీరో మత్లబ్ ఆజ్ పైదా హుయీ" అన్నారు సరోజ మేడమ్. "చౌథీ మంజిల్ చఢ్ కే ఆప్ హీ బోల్ దీజియే ఉన్కో." సున్నా అంటే ఇవాళే పుట్టిందని, ఆ మాట మీరే నాలుగో అంతస్తు ఎక్కి ఆమెతో చెప్పండని. ఫోను పెట్టేసి మా వైపు తిరిగారు. "పాతది నడిచింది గాదు. పాతది ప్రతిసారి ఆమెను అందరి కింద ఏసింది. కింద గది ఖాళీ అయినప్పుడల్లా, ఇప్పుడే పుట్టిన పిల్ల అనుకొని పక్కకు పెట్టింది. ఎవ్వరికి తెల్వలే, ఎందుకంటే అది ఆగలే. పా రాజూ, ఫరీదాబాద్ పోదాం."

మెట్రో దిగి రిక్షాలో వెళ్ళాం. మేము చేరేసరికి నాలుగో అంతస్తు బాల్కనీ నుంచి తాడు కట్టిన సంచీ ఒకటి కిందికి దిగుతోంది. కింద కూరగాయల బండివాడు అందులో వంకాయలు వేస్తున్నాడు. "భయ్యా, ధనియా భీ డాల్ దేనా!" అని, కొత్తిమీర కూడా వేయమని, పైనుంచి ఒక గొంతు. అదే బిందో గారు. ఆమె మెట్లు దిగడం మానేసి చాలాకాలమైందని, ఎవరినైనా చూడాలంటే బాల్కనీలోనుంచి చూస్తారని తర్వాత తెలిసింది. నాలుగంతస్తులూ ఎక్కేసరికి సరోజ మేడమ్‌కు ఆయాసం వచ్చింది. తలుపు తీసిన మనిషి మోకాళ్ళు వంకరపోయి ఉన్నాయి. వీపు మాత్రం వంగలేదు. గుమ్మం పట్టుకోకుండా నిలబడ్డారు. ఆ నిలబడే తీరు నాకు తెలుసు. మా నాయనమ్మగారిది అదే తీరు.

"అమ్మాజీ, ఆప్కీ ఉమర్?" అని సరోజ మేడమ్ వయసు అడిగారు.

"ముల్తాన్ సే ఆయే తో మా కీ గోద్ మే నహీ థీ, పుత్తర్. అప్నే పైరోం పే చల్ కే ఆయీ. బస్, ఇత్నా పతా హై." దేశం రెండైనప్పుడు తల్లి చంకలో లేను, నా కాళ్ళ మీద నేనే నడిచి వచ్చాను, నాకు తెలిసింది అంతే అంటున్నారు. ట్రస్టు గుమస్తా వయసు అడిగితే తెలియదన్నారట. ఏదో ఒకటి చెప్పకపోయారా అని మేమంటే, "ఝూఠ్ క్యోం లిఖ్వాతీ?" అని మాకే ఎదురు ప్రశ్న వేశారు. అబద్ధం ఎందుకు రాయించాలి? కింద గదిలో ఉన్న రామ్ సింగ్ మాత్రం "సాఠ్ కే ఆస్‌పాస్" అని రాయించాడట. అరవైకి అటూ ఇటూ. అది మాట. పాత వెర్షన్‌లో ఏ మాటైనా ఏ అంకె కన్నా పెద్దదే కనుక ఎనభై దాటినవాళ్ళందరినీ దాటి అతను కింద గదిలో దిగాడు.

మెట్ల మీద సరోజ మేడమ్ కూలబడ్డారు. మొదట నవ్వారు, తర్వాత ఆ నవ్వు పోయింది. "ఇప్పుడెట్ల? పుట్టిన తేదీ లేనోళ్ళను ఎట్ల పోల్చాలె? మనం జెప్పకపోతే మిషన్ పోల్చదు. మనకే తెల్వదాయె."

అప్పుడు నేను చెప్పాను. మా ఇంట్లో ఎవరి పుట్టినరోజు ఎవరికి గుర్తున్నా లేకపోయినా, ఎవరు ఎవరికి దండం పెట్టాలో ఎవరూ మరిచిపోరు. పెళ్ళి పందిట్లో పెద్దలు కూర్చునే వరుస కాగితం మీద ఉండదు, కాని తప్పదు. ఇక్కడ వీళ్ళంతా ఒకే ఫ్యాక్టరీ మనుషులు, ఏళ్ళ తరబడి ఒకరి ఇంటి శుభాశుభాలకు ఒకరు వెళ్ళినవాళ్ళు. వయసు అడగవద్దు మేడమ్, ఎవరు ఎవరి పాదాలు తాకుతారో అడుగుదాం.

ఆమె నా వైపు అదోలా చూసి, లేచి గబగబా మెట్లు దిగడం మొదలుపెట్టారు.

వాకిట్లో ఎండ కాస్తోంది. మంచాల మీద పెద్దవాళ్ళు వేరుశెనక్కాయలు ఒలుచుకుంటున్నారు. ఖన్నా జీ వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు. సరోజ మేడమ్ ప్రశ్న వేయగానే అందరూ ఒక్కసారి మాట్లాడారు. నేను దివాలీకి ఈయన కాళ్ళు తాకుతాను, ఈయన ఆవిడవి తాకుతాడు, కాదు కాదు, ఆవిడ మా వదినకు చెల్లెలు. రామ్ సింగ్ మీసం దువ్వుకుని, "అరే, సబ్‌సే బడా తో మై హూ. కంప్యూటర్ నే బోలా హై!" అన్నాడు. అందరికన్నా పెద్ద తనేనట, కంప్యూటరే చెప్పిందట.

నాలుగో అంతస్తు నుంచి గొంతు వినిపించింది. "వే రామ్ సింగా! మేరీ షాదీ మే తూ బినా కచ్ఛే కే ఘూమ్ రహా థా!"

నా పెళ్ళిలో నువ్వు చెడ్డీ లేకుండా తిరిగావురా అన్న ఆ మాటకు వాకిలంతా గొల్లుమంది. ఒకాయనకు పొలమారి వీపు తట్టవలసి వచ్చింది. రామ్ సింగ్ చెవులు ఎర్రబడ్డాయి. తల పైకెత్తి, రెండు చేతులూ జోడించి, "పైరీ పౌనా, బీజీ" అన్నాడు. మీ పాదాలు తాకుతున్నానమ్మా అని. మరి మీరు ఎవరి పాదాలు తాకుతారు అని సరోజ మేడమ్ పైకి అరిచి అడిగారు. "సంతో బహన్ కే ఛూతీ థీ" అన్నారు బిందో గారు. "వో తో గయీ." తాను పాదాలు తాకింది సంతో బహన్‌కేనని, ఆవిడ పోయిందని. సంతో బహన్ అంటే మొన్న పోయిన మనిషి. ఖాళీ అయిన గది ఆమెదే.

ఖన్నా జీ అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. ట్రస్టు కమిటీకి ఏం చెప్పాలి, కంప్యూటర్లో ఏం రాయాలి అని ఆయన చిక్కు. ఖాళీని ఖాళీగానే ఉంచుతానన్నారు సరోజ మేడమ్. ఖాళీ గానీ మాట గానీ తగిలితే ప్రోగ్రాం వరుస కట్టదు, వాకిట్లో పెద్దలను అడగమని చెబుతుంది, ఇలాగైతేనే ఇస్తాను, లేకపోతే ఇంకొకరితో రాయించుకోండి అన్నారు. ఆ ట్రస్టు పని పోతే మా చిన్న ఆఫీసుకు అది చిన్న దెబ్బ కాదు. కమిటీ నానబెట్టింది. ఒకసారి గది వేరేవారికి ఇచ్చేస్తున్నామని కూడా కబురు వచ్చింది. వాకిట్లోవాళ్ళంతా రామ్ సింగ్‌ను ముందు పెట్టుకుని కమిటీ గుమ్మంలో కూర్చున్నాక గాని అది తేలలేదు.

బిందో గారు కిందికి దిగిన రోజు మమ్మల్ని పిలిచారు. కుర్చీలో కూర్చోబెట్టి మోసుకువస్తామని మగవాళ్ళు పైకి వెళితే ఆమె ఒప్పుకోలేదు. ముల్తాన్ నుంచే నడిచి వచ్చినదాన్ని, నాలుగంతస్తులకు మీ భుజాలెందుకన్నారట. ఒక్కో మెట్టు దగ్గర ఆగి, గోడ పట్టుకోకుండా దిగారు. కింద వాకిట్లో మన్ను మీద కాలు పెట్టి, చెప్పులు విడిచి, కాసేపు అలాగే నిలబడ్డారు. సరోజ మేడమ్ వంగి ఆమె పాదాలు తాకారు. తర్వాత నేనూ వంగాను. మా వంశంలో బయటివారి పాదాలు తాకిన మగవాళ్ళలో నేనే మొదటివాణ్ణి అనుకుంటాను. దాని గురించి నాకు ఆనాడూ సంకోచం లేదు, ఈనాడూ లేదు. వరుస తెలిసినవాడికే ఎక్కడ వంగాలో తెలుస్తుంది.

తిరుగు మెట్రోలో సరోజ మేడమ్, "మీ తాత ఇయ్యాల పనికొచ్చిండు రాజుగారూ" అన్నారు.

"మా తాతగారు ఎప్పుడూ పనికొచ్చేవారే మేడమ్. అడిగినవాళ్ళు లేరు."

ఆమె పెద్దగా నవ్వారు, ఎదుటి సీట్లవాళ్ళు తలెత్తి చూశారు. రెండు స్టేషన్లు దాటాక, కిటికీ వైపు చూస్తూ, మెల్లగా అన్నారు. "ఎవని ముందట వంగాలె అన్న లెక్క మా తాతకు గూడ బాగనే వచ్చు. తప్పితే దెబ్బలు పడేటియి. మీ ఇంట్ల అది మర్యాద. మా ఇంట్ల భయం. ఇద్దరం ఒక్క పాఠమే సదివినం బిడ్డా, కని రెండు ఒక్కటి గావు. పక్కపక్కన పెట్టి ఏది పెద్ద అని అడుగకు. నేను గూడ అడుగ." ఆ రోజు వరకూ ఆమె ముందు కూర్చున్నప్పుడల్లా నా లోపల ఒక తక్కెడ ఊగుతూ ఉండేది. ఇటు మా కుర్చీ, అటు ఆమె కంపెనీ. ఇటు నేను కాలేకపోయిన కలెక్టరు, అటు ఆమె అయిన మనిషి. నోయిడా వచ్చేసరికి అది నిలిచిపోయింది.

కొన్నేళ్ళకు ఆమెకు ఒంట్లో బాగుండక ఆఫీసు మూసేశారు. మేమందరం తలో కంపెనీకి పోయాం. ఆమె పోయిన కబురు వాళ్ళమ్మాయి తన్వి ఫోనులో చెప్పింది. ఆ అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది గాని మాట్లాడలేదు. "అంకుల్, మమ్మీ నహీ రహీ" అంది. నేను తెలుగులో ఏదో అన్నాను. "హా అంకుల్, సమఝ్ గయీ" అని, అర్థమైందని చెప్పి, కాసేపు ఏడ్చి పెట్టేసింది. ఆమె దగ్గర పనిచేసినవాళ్ళ పేర్లన్నీ ఆ అమ్మాయికి తెలుసు. నన్ను మాత్రం మమ్మీ ఇంట్లో రాజుగారనే అనేదని, అప్పుడు వెక్కిరింపు ఉండేది కాదని తర్వాత ఒకసారి చెప్పింది.

ఇప్పుడు నా కింద పదిమంది పనిచేస్తున్నారు. కుర్రవాళ్ళు ఆగిన ప్రోగ్రాంను ఎలాగో ఒకలాగ నడిపించేసి గర్వంగా చూపిస్తే, నాకు నాలుగో అంతస్తు గుర్తొస్తుంది. ఏ ఖాళీలో ఎవరు నిలబడి ఉన్నారో చూసి రమ్మంటాను. నా పట్టింపు వాళ్ళకు విసుగు, నా వెనక ఏవో పేర్లు పెట్టుకుంటారని తెలుసు. ఆమె నాకిచ్చినది ఇదొక్కటే అని చెప్పలేను గాని, రోజూ వాడుకునేది ఇది. జవాబు లేనిచోట లేదని చెప్పి ఆగడానికి వెన్ను గట్టిగా ఉండాలి. వెన్ను మా ఇంటిదే, ఎక్కడ ఆగాలో చూపించింది ఆమె.

పోయిన ఏడాది మా పినతండ్రిగారి కొడుకు విజయ్ ఊరి నుంచి ఫోను చేశాడు. ఊళ్ళో మా ఉమ్మడి స్థలం అమ్మే దస్తావేజులో పేర్లు ఏ వరుసలో రావాలన్నదాని మీద మా వంశంలోని రెండు శాఖలవాళ్ళూ మాట్లాడుకోవడం మానేశారు. మనది రక్తం, వాళ్ళది దత్తత, పెద్దరికం ఎవరిదో నువ్వు చెప్పన్నయ్యా, నీ మాట కాదనరు అన్నాడు. రెండూ వేరు వేరురా, ఏది పెద్దదని నన్నడగకు, వాళ్ళ పేరు ముందు రాయించు, నేను ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను అన్నాను. వాడు అలాగే రాయించాడు. ఆ కార్తీకంలో సింగన్నపేటలో మాకు మిగిలిన ఏనుగుశాల స్థలం, దాని వెనక రెండు ధాన్యపు కొట్లతోనూ రాతి నూతితోనూ సహా, అమ్మేశాం.